రాలేకపోయిన మనిషి కుర్చీ: డిప్రెషన్ తోడు బృందం పెట్టి నడిపే పద్ధతి

డిప్రెషన్‌లో ఉన్న మనిషికి ఆదివారం సాయంత్రం ఒక గది దాకా రావడం పెద్ద పని. మంచం మీంచి లేవాలి, స్నానం చేయాలి, ఉతికిన బట్టలు వెతుక్కోవాలి, "ఎక్కడికి?" అని ఇంట్లో అడిగితే ఏదో ఒకటి చెప్పాలి, ఆటో ఎక్కాలి, తెలిసినవాళ్లు చూస్తారేమోనన్న బెరుకు దాటాలి. వీటిలో ఏ ఒక్కటి చేతకాకపోయినా ఆ వారం రారు. తోడు ఎక్కువ కావలసిన వారమే వాళ్లు రాలేని వారం కూడా. అందుకే బృందం పెట్టేవాళ్లు గది, వేళ, ఫోను, కుర్చీలు అన్నీ రాలేకపోయే మనిషిని తలుచుకునే నిర్ణయించుకోవాలి. కింద రాసినవన్నీ ఆ లెక్కలో రాసినవే.

తోడు బృందమంటే డిప్రెషన్‌ను అనుభవించినవాళ్లు తమలో తాము కూర్చుని మాట్లాడుకునే చోటు. మందులకూ కౌన్సెలింగ్‌కూ అది పక్కన ఉంటుంది, వాటి స్థానంలోకి రాదు. బెంగళూరులోని మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ 2015–16లో చేసిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో పెద్దవాళ్లలో దాదాపు 20 మందికి ఒకరు ఎప్పుడో ఒకప్పుడు డిప్రెషన్ బారిన పడ్డవాళ్లే. డిప్రెషన్, ఆందోళన లాంటి సమస్యలున్నవాళ్లలో 85 శాతం దాకా చికిత్స అందనివాళ్లని కూడా అదే సర్వే చెప్పింది. చాలామంది డాక్టర్ దగ్గరికి వెళ్లడానికి ముందు, తమలాంటి ఇంకో మనిషిని చూసి "నాకొక్కడికే కాదన్నమాట" అనుకోవాల్సి ఉంటుంది. బృందం ఆ పని బాగా చేస్తుంది.

గుండ్రంగా కూర్చుని వారం వారం మాట్లాడుకోవడం మన ఊళ్లకు కొత్త కాదు. డ్వాక్రా సంఘాలు ఎన్నో ఏళ్లుగా అదే చేస్తున్నాయి. ఆ అలవాటు మీకు పనికొస్తుంది. కానీ సంఘంలో మినిట్స్ పుస్తకం ఉంటుంది, సంతకాలుంటాయి, రాకపోతే జరిమానా ఉంటుంది. ఇక్కడ ఈ మూడూ ఉండకూడదు. పొదుపు, అప్పు, చీటీ కూడా వద్దు. సభ్యుల మధ్య డబ్బు చేతులు మారిన రోజు నుంచి ఒకరు ఇంకొకరి ముఖం చూడలేక రావడం మానేస్తారు.

ఎవరు, ఎంతమంది

నడిపేవాళ్లు ఇద్దరుండాలి. ఒక్కరితో మొదలుపెట్టకండి. ఎవరైనా కుంగిపోయి బయటికి వెళ్తే వెంట ఒకరు వెళ్లాలి, గదిలో ఇంకొకరు మిగలాలి. ఇద్దరిలో కనీసం ఒకరు డిప్రెషన్ నుంచి కోలుకుని ఆరు నెలలైనా నిలకడగా ఉన్నవాళ్లయితే మంచిది. ఒక మగ, ఒక ఆడ అయితే కొన్ని సంగతులు చెప్పుకోవడం సభ్యులకు తేలికవుతుంది.

మొదలుపెట్టే ముందే ఒక సైకియాట్రిస్టుతో గానీ క్లినికల్ సైకాలజిస్టుతో గానీ మాట్లాడి పెట్టుకోండి. ఆయన మీటింగ్‌కు రానక్కర్లేదు. అవసరమైతే ఎవరిని, ఏ వేళకు, ఎక్కడికి పంపాలో తెలిస్తే చాలు. జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం కింద చాలా జిల్లాల ప్రభుత్వాసుపత్రుల్లో మానసిక విభాగం ఉంటుంది, ఓపీ ఏయే రోజుల్లో ఉంటుందో వెళ్లి కనుక్కుని కాగితం మీద రాసుకోండి. హైదరాబాద్‌లో ఎర్రగడ్డ, విశాఖలో చినవాల్తేరు మానసిక ఆసుపత్రులు అందరికీ తెలిసినవే. అయితే ఆ ఊరి పేర్లే తిట్లుగా వాడేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు కాబట్టి, కొత్తగా వచ్చినవాళ్లకు ముందు దగ్గర్లోని జనరల్ ఆసుపత్రి పేరు చెప్పడం మేలు.

గదిలో ఆరు నుంచి పది మంది దాకా ఉంటే బాగుంటుంది. నలుగురికి తగ్గితే ప్రతి మౌనమూ బరువుగా తోస్తుంది, పది దాటితే అందరికీ వంతు రాదు. లెక్క చూడండి: మీటింగ్ 90 నిమిషాలు. మొదట నియమాలు, పలకరింపు 10 నిమిషాలు. ఎనిమిది మందికి తలా 7 నిమిషాలంటే 56. తర్వాత వచ్చే వారం పని గురించి 14, ముగింపు 10. అంతకన్నా సాగదీస్తే అలసిపోతారు. డిప్రెషన్‌లో మనసు ఒకచోట నిలపడమే కష్టం. పదకొండో మనిషి నిలకడగా రావడం మొదలైతే రెండో బృందం గురించి ఆలోచించాలి.

పద్దెనిమిది నిండినవాళ్లకే పెట్టండి. డాక్టర్ చీటీ అడగొద్దు. రెండు వారాలు దాటి దిగులో, దేని మీదా ఆసక్తి లేకపోవడమో ఉండి, నిద్ర, ఆకలి, పని పాడైతే చాలు. తాగి వచ్చినవాళ్లను ఆ రోజుకు మర్యాదగా ఇంటికి పంపి, మర్నాడు ఫోన్ చేయండి. లేని మాటలు వినబడుతున్నవాళ్లకు, లేదా నిద్ర లేకుండానే హుషారుగా, గలగలా మాట్లాడుతూ డబ్బు విచ్చలవిడిగా ఖర్చు చేస్తున్నవాళ్లకు ముందు డాక్టర్ కావాలి. ఈ రెండో రకం బైపోలార్ (ఉద్రేకం, దిగులు మార్చి మార్చి వచ్చే జబ్బు) కావచ్చు. దానికి డిప్రెషన్ మాత్ర ఒక్కటే వాడితే ఉద్రేకం పెరిగే ప్రమాదం ఉంది. కుటుంబ సభ్యులు తోడుగా వస్తే వరండాలో కూర్చోబెట్టి టీ ఇవ్వండి. అమ్మో భర్తో పక్కనుంటే ఏ మాటా పైకి రాదు.

గది, వేళ

ఎవరింట్లోనూ పెట్టొద్దు. వీధిలో "వాళ్లింటికి ఎందుకెళ్తున్నావు?" అన్న ప్రశ్న మొదలవుతుంది. గుడి, చర్చి, మసీదు ఆవరణ అయితే మిగతా మతాలవాళ్లు అడుగు పెట్టరు. కుల సంఘం హాలు అంతకన్నా పనికిరాదు. గ్రంథాలయం గది, సెలవు రోజు బడి గది, ఆదివారం మూసి ఉండే క్లినిక్కు, కాలేజీ స్టాఫ్ రూము బాగుంటాయి. తలుపు మూసుకునేలా, రోడ్డు మీదికి కనబడకుండా, ఫ్యాను, మంచినీళ్లు, బాత్రూము ఉండేలా చూసుకోండి. మెట్లు ఎక్కువ ఉన్న చోటు వద్దు: డిప్రెషన్‌లో మూడో అంతస్తు నిజంగానే మూడు అంతస్తుల బరువు. గుమ్మం మీద "మానసిక" అన్న మాటతో బోర్డు పెట్టొద్దు. "ఆదివారం మీటింగ్" చాలు.

ప్లాస్టిక్ కుర్చీలు గుండ్రంగా, మధ్యలో బల్ల లేకుండా వేయండి. వచ్చినవాళ్ల కన్నా ఒక కుర్చీ ఎక్కువ వేయండి. తలుపు దగ్గరి రెండు కుర్చీలు కొత్తవాళ్లకు వదలండి. కావాలంటే లేచి వెళ్లిపోవచ్చన్న ధీమా ఉంటేనే కూర్చోగలుగుతారు.

వేళ సాయంత్రం 4 నుంచి 5:30. డిప్రెషన్ ఉన్న చాలామందికి పొద్దుటి పూటే మనసు మరీ బరువుగా ఉంటుంది. రాత్రి వేసుకున్న మాత్రల మత్తు కూడా పొద్దున వదలదు. ఆరు లోపు ముగిస్తే ఆడవాళ్లు చీకటి పడకముందే ఇల్లు చేరతారు, పల్లెల నుంచి వచ్చేవాళ్లకు బస్సు దొరుకుతుంది. వారానికోసారి పెట్టండి. రెండు వారాలకోసారి అయితే, ఒకసారి రాలేకపోయిన మనిషికి నెల రోజుల ఎడం వచ్చేస్తుంది, ఆ తర్వాత ముఖం చెల్లదు.

పండగ రోజుల్లో మూయకండి. సంక్రాంతికి ఇల్లంతా చుట్టాలతో నిండి, అందరూ నవ్వుతున్నప్పుడు నవ్వలేనివాడికి ఆ గదే కావాలి. ఇంటర్, పదో తరగతి ఫలితాలొచ్చే వారాల్లో పిల్లలున్న తల్లిదండ్రులు కుదేలవుతారు, అప్పుడూ తలుపు తెరిచే ఉండాలి. ఇద్దరే వచ్చినా మీటింగ్ మీటింగే. మొదటి నెలంతా ఇద్దరు ముగ్గురే వస్తారని ముందే అనుకోండి. పన్నెండు వారాలు ఒక్కటీ తప్పకుండా నడిపాక గానీ నిలబడిందో లేదో తేల్చకండి.

కార్డు, ఫోను

కొత్తవాళ్లు మీటింగ్‌కు వచ్చే ముందు పావుగంట ఫోన్లో మాట్లాడండి. అక్కడ ఎవరుంటారు, ఏం జరుగుతుంది, మాట్లాడకుండా కూర్చోవచ్చు అన్న మూడు సంగతులు చెప్పండి. మొదటి రోజు గేటు దగ్గర ఒకరు నిలబడి లోపలికి తీసుకెళ్లాలి. గేటు దాకా వచ్చి వెనక్కి వెళ్లిపోయేవాళ్లు చాలామంది.

ప్రతి ఒక్కరి దగ్గరా ఒక చిన్న కార్డు నింపించుకోండి. ఏ పేరుతో పిలవాలి (అసలు పేరే కానక్కర్లేదు), ఫోను నంబరు, ప్రమాదం వస్తే ఎవరికి చెప్పాలి, చూసే డాక్టర్ ఎవరు, ఏ ఆసుపత్రి దగ్గర. వీటితోపాటు చాలామంది మరిచిపోయేది ఇంకొకటుంది: ఫోన్ ఇంట్లో వేరేవాళ్లు ఎత్తితే మీరెవరని చెప్పాలి? "లైబ్రరీ నుంచి", "కుట్టు క్లాసు నుంచి" అని వాళ్లు ఏం చెప్పమంటే అదే రాసుకోండి. కార్డులు నడిపే ఇద్దరి దగ్గరే, తాళం వేసిన చోట ఉండాలి.

వాట్సాప్ గ్రూపు పెట్టకండి. అందరి నంబర్లూ అందరికీ కనబడతాయి, ఒకే ఫోను ఇంటిల్లిపాదీ చూసే ఇళ్లలో పేరు బయటపడుతుంది, అర్ధరాత్రి ఎవరో చనిపోవాలనుందని రాస్తే జవాబిచ్చే నాథుడుండడు. బ్రాడ్‌కాస్ట్ లిస్టు వాడండి, అందులో ఒకే సందేశం ఒక్కొక్కరికీ విడిగా వెళ్తుంది. మీ నంబరు సేవ్ చేసుకున్నవాళ్లకే ఆ సందేశం చేరుతుంది కాబట్టి మొదటి రోజే ఏదో మామూలు పేరుతో సేవ్ చేయించండి.

ఇక అన్నిటికన్నా ముఖ్యమైన పని. ఒక వారం రాకపోతే ఆ సాయంత్రమే ఒక సందేశం. రెండు వారాలు రాకపోతే ఫోను. మూడు వారాలైతే, ముందుగా ఒప్పుకున్నవాళ్ల ఇంటికి ఒకరు వెళ్లి రావడం. "ఎందుకు రాలేదు?" అని ఎప్పుడూ అడగొద్దు, అది సంజాయిషీ అడిగినట్టుంటుంది. ఇలా రాయండి: "ఈ రోజు మీ కుర్చీ వేసే ఉంచాం. జవాబు ఇవ్వక్కర్లేదు. వచ్చే ఆదివారం నాలుగింటికి ఇక్కడే ఉంటాం." ఫోన్ ఎత్తకపోతే రెండుసార్లకు మించి చేయకండి, అదే సందేశం మళ్లీ పంపండి. అన్నేసి వారాల తర్వాత తిరిగొచ్చిన మనిషిని చూసి "ఏమైపోయారండీ ఇన్నాళ్లూ!" అనకుండా, మామూలుగా కుర్చీ చూపించండి.

మీటింగ్ నడిచే తీరు

ప్రతి వారం మొదట ఈ నాలుగు మాటలు పైకి చదవాలి, పాతవాళ్లకు కంఠతా వచ్చినా సరే.

"ఇక్కడ విన్నది ఇక్కడే వదిలి వెళ్తాం. బయట కనబడితే ఎదుటివాళ్లు పలకరిస్తేనే పలకరిస్తాం. సలహా అడిగితేనే ఇస్తాం. మాట్లాడటం ఇష్టం లేకపోతే 'పాస్' అంటే చాలు."

డాక్టర్‌కు రోగి సంగతి దాచడం చట్టప్రకారం బాధ్యత. మనకు అది ఇచ్చిన మాట మాత్రమే. అందుకే వారం వారం గుర్తు చేసుకోవాలి. ఆ మాటకు మినహాయింపులు కూడా అప్పుడే చెప్పండి: ఎవరి ప్రాణానికైనా ముప్పు ఉందనిపిస్తే ఇంట్లోవాళ్లకో డాక్టర్‌కో చెబుతాం. పిల్లల మీద లైంగిక దాడి సంగతి తెలిస్తే 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం తెలిసినవాళ్లు ఫిర్యాదు చేసి తీరాలి. ఇది ముందు చెప్పకుండా తర్వాత బయటపెడితే నమ్మకద్రోహం అనిపిస్తుంది.

తర్వాత వరసగా అందరూ. "ఈ వారం పదికి ఎంత?" అన్న ప్రశ్నతో మొదలుపెట్టండి. మాటలు దొరకనివాళ్లు కూడా "మూడు" అనగలరు. ఆపైన నిద్ర, తిండి, స్నానం, మాత్రలు, గడప దాటడం ఎలా ఉన్నాయో వాళ్లకిష్టమైనంత. ఒకరు వాచీ చూస్తూ ఉండి, ఆరో నిమిషంలో "ఒక్క నిమిషం" అని రాసిన అట్టముక్క చూపిస్తే సరిపోతుంది. ఫోన్ అలారం మోగితే ఏడుస్తున్న మనిషి ఉలిక్కిపడతారు.

మన దగ్గర అసలు చిక్కంతా సలహాతోనే. ఎవరైనా బాధ చెప్పుకోగానే పక్కవాళ్ల నోట "ధైర్యంగా ఉండండి", "పొద్దున్నే లేచి వాకింగ్ చేయండి", "మీకేం తక్కువ?", "దేవుడి మీద భారం వేయండి" అన్న మాటలు ఆపుకోలేనంత వేగంగా వస్తాయి. ప్రేమతోనే అంటారు. కానీ విన్న మనిషికి చేరేది "నువ్వు సరిగా ప్రయత్నించట్లేదు" అన్న మాటే. ఆ మాట ఇంట్లో రోజూ వింటూనే ఉన్నారు, బస్సెక్కి వచ్చి మళ్లీ వినక్కర్లేదు. నడిపేవాళ్లు మధ్యలో మెల్లగా అడ్డుకుని, చెప్పుకున్న మనిషినే అడగాలి: "ఊరికే వినమంటారా, ఏమైనా చెప్పమంటారా?" చెప్పమంటే, "మీరిలా చేయండి" అని కాకుండా "నాకప్పుడు ఇది పనికొచ్చింది" అన్న వరకే. వినమంటే, "చాలా కష్టంగా ఉన్నట్టుంది" అని ఊరుకోవడం చాలు. మౌనం పడితే మనసులో నెమ్మదిగా పది లెక్కపెట్టండి. చాలాసార్లు ఎనిమిదో అంకె దగ్గర అసలు మాట వస్తుంది.

ఏడిస్తే ఏడవనివ్వండి. వెంటనే వెళ్లి భుజం మీద చెయ్యి వేయకండి, అది ఓదార్పు రూపంలో ఉన్న "ఇక చాలు" కావచ్చు. మంచినీళ్ల గ్లాసు అందేంత దూరంలో పెట్టండి. "కాసేపు ఆగుదామా, ఇంకొకరి దగ్గరికి వెళ్దామా?" అని అడగండి.

ఒకరే సమయమంతా తీసుకుంటుంటే అందరి ముందూ ఆపడం కన్నా, మీటింగ్ అయ్యాక విడిగా, "అందరికీ వంతు రావాలండీ, వచ్చేవారం నేను అట్టముక్క చూపిస్తే ఏమీ అనుకోవద్దు" అని చెప్పండి. "నా బాధ ముందు మీదెంత" అన్న పోటీ మొదలైతే మాత్రం అప్పటికప్పుడే ఆపాలి.

ఇంకొక ప్రమాదం పైకి కనబడదు. అదే అత్తగారి సంగతి, అదే అప్పు సంగతి ప్రతి వారం అదే మాటల్లో తిరుగుతూ ఉంటుంది, అందరూ తలూపుతారు, వచ్చినప్పటికన్నా బరువెక్కి ఇంటికెళ్తారు. దిగులును పదే పదే నెమరేయడం డిప్రెషన్‌ను పెంచుతుంది. ఆ చివరి 14 నిమిషాలు దీని కోసమే. ప్రతి ఒక్కరూ వచ్చే వారానికి పది నిమిషాల్లో అయిపోయే ఒక్క పని చెప్పాలి. "వాకింగ్ చేస్తా" అంటే లెక్కలోకి రాదు. "మంగళవారం టీ తాగాక మేడ మీద పది నిమిషాలు ఎండలో నిలబడతా" అంటే వస్తుంది. ఏం, ఎప్పుడు, ఎక్కడ అన్నవి మూడూ ఉండాలి. దుప్పటి మడత పెట్టడం, తలకు నూనె రాసుకోవడం, అక్కకు ఫోన్ చేయడం, ఏదైనా సరే. మనసు బాగయ్యాక పని చేద్దామని కూర్చుంటే రెండూ కావు, పనే ముందు కదలాలి. చేయలేకపోతే ఎవరూ క్షమాపణ చెప్పుకోనక్కర్లేదు. ఆ పని సగానికి తగ్గించి మళ్లీ రాసుకుంటారు, అంతే.

మాత్రల మాట

మాత్రల గురించి మాట్లాడుకోనివ్వండి, ఆపితే రహస్యంగా మాట్లాడుకుంటారు. గీత ఎక్కడంటే: తన అనుభవం చెప్పొచ్చు. ఎదుటివాళ్ల మోతాదు మార్చమనడం, మానమనడం, తన మాత్ర ఇవ్వడం కూడదు. పొడులు, కషాయాలు, ఇన్సూరెన్సు పాలసీలు, చైన్ మార్కెటింగ్ సరుకులు అమ్మేవాళ్లను ఒకసారి హెచ్చరించి, రెండోసారి రావద్దనండి.

బృందంలో అందరికీ తెలిసి ఉండాల్సినదొకటి ఉంది. ఎస్సిటలోప్రామ్, సెర్ట్రాలిన్ లాంటి మాత్రలు మొదలుపెట్టాక వికారం, తలనొప్పి, కంగారు మొదటి రోజుల్లోనే రావచ్చు. మేలు కనబడటానికి రెండు నుంచి నాలుగు వారాలు, పూర్తిగా తెలియడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది. అంటే ముందు ఇబ్బంది, తర్వాత ఉపశమనం. చాలామంది ఈ మధ్యలోనే మానేస్తారు. "నాకూ మొదటి పది రోజులు అలాగే ఉండింది, డాక్టర్‌కు ఫోన్ చేసి అడిగాను" అన్న తోటి మనిషి మాట ఇక్కడ ఎంతో పనిచేస్తుంది. అలాగే బాగయ్యాక కూడా డాక్టర్లు కనీసం ఆరు నెలలు వాడమంటారు. ఒక్కసారిగా ఆపితే తల తిరగడం, నిద్ర పట్టకపోవడం, ఒంట్లో కరెంటు జివ్వుమన్నట్టు ఉండటం జరగొచ్చు. మాత్ర మొదలైన మొదటి వారాల్లో, ముఖ్యంగా పాతికేళ్ల లోపువాళ్లలో, చనిపోవాలన్న ఆలోచనలు పెరిగితే అదే రోజు డాక్టర్‌కు చెప్పాలి. థైరాయిడ్ తగ్గినా, రక్తం తక్కువైనా, బి12 లోపించినా డిప్రెషన్‌లాగే ఉండొచ్చు, పరీక్షలు చేయించారా అని అడగడం తప్పు కాదు.

చావు మాట వచ్చినప్పుడు

ఇది ఎప్పుడో ఒకప్పుడు వస్తుంది. మొదటి మీటింగ్‌కు ముందే నడిపే ఇద్దరూ ఈ పేరా కాగితం మీద రాసి దగ్గర పెట్టుకోండి.

మాట దాటేయకండి. ఒకరు ఆ మనిషితో పక్క గదికి వెళ్లి సూటిగా అడగాలి: "చనిపోవాలన్న ఆలోచన వస్తోందా?" అడిగితే లేని ఆలోచన పుడుతుందన్న భయం అపోహ. చాలామంది అడిగినందుకు ఊపిరి పీల్చుకుంటారు. అవునంటే: "ఎలా, ఎప్పుడు అని అనుకున్నారా?" "దానికి కావలసింది దగ్గర్లో ఉందా?" ఆలోచన ఒక్కటే ఉండి మిగతా రెండూ లేకపోతే, ఆ రాత్రి ఎవరు తోడుంటారో తేల్చి, ఒకటి రెండు రోజుల్లో డాక్టర్‌ను కలిసేలా చూసి, మర్నాడు ఉదయం ఫోన్ చేయండి. రెండో ప్రశ్నకో మూడో ప్రశ్నకో అవునంటే ఒక్క నిమిషం కూడా ఒంటరిగా వదలొద్దు. కార్డులో రాసిన మనిషికి ఫోన్ చేసి, ఆసుపత్రి క్యాజువాలిటీకి మీరే వెంట వెళ్లండి. ఆటోలో ఎక్కించి పంపడం కాదు. అంబులెన్సుకు 108, ఏ అత్యవసరానికైనా 112. పొలం ఉన్న ఇళ్లలో పురుగుమందులు, ఇంట్లో మిగిలిన మాత్రలు వేరేవాళ్ల అధీనంలోకి వెళ్లేలా ఇంటివాళ్లకు చెప్పండి.

2022 అక్టోబర్ 10న మొదలైన ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోన్ సేవ టెలీమానస్ 14416కు రాత్రీ పగలూ ఉచితంగా ఫోన్ చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు. ఈ నంబరు అందరి ఫోన్లలోనూ ఉండాలి. మీ దగ్గర కూర్చునే ఒకసారి చేయిస్తే ఇంకా మంచిది, నడిరాత్రి మొదటిసారి డయల్ చేయడం చాలా కష్టం. పోలీసు కేసవుతుందని ఆసుపత్రికి వెళ్లడానికి జంకే కుటుంబాలకు చెప్పండి: 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 115వ సెక్షన్ ప్రకారం, ఆత్మహత్యకు ప్రయత్నించిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలి, వేరుగా రుజువైతే తప్ప శిక్షించకూడదు.

గదిలో మిగిలినవాళ్లకు "ఆయన జాగ్రత్తగా ఉన్నారు, తోడు ఉంది" అని చెప్పండి. ఎలా చేసుకోవాలనుకున్నారన్న వివరం ఎవరికీ, ఎప్పుడూ చెప్పకండి.

ఊరు దాటినవాళ్ల కోసం వీడియో కాల్‌లో నడిపితే అదనంగా ఒకటి: మొదట్లోనే ప్రతి ఒక్కరూ ఆ క్షణాన ఉన్న ఊరు, చిరునామా నడిపేవాళ్లకు విడిగా పంపాలి. డల్లాస్‌లో ఉన్న మనిషికి హైదరాబాద్ నుంచి 108 పిలవలేరు. ఇలాంటప్పుడు సాయానికి ఫోన్ చేసే నంబర్లు, అమెరికాలో 988, బ్రిటన్‌లో 116 123 కూడా అదే కాగితం మీద రాసుకోండి. చెవిలో ఇయర్‌ఫోన్లు, వెనక మూసిన తలుపు లేకుండా ఎవరినీ చేర్చొద్దు.

మీటింగ్ అయ్యాక

అందరూ వెళ్లాక నడిపే ఇద్దరూ ఇరవై నిమిషాలు కూర్చోవాలి. ఎవరు రాలేదు, ఎవరి అంకె పోయిన వారం కన్నా తగ్గింది, సందేశం ఎవరు పంపాలి, మనలో ఎవరికైనా గుండె బరువుగా ఉందా. అప్పటికప్పుడే సందేశాలు పంపేయండి, ఇంటికెళ్లాక పంపుదామంటే మరిచిపోతారు. నడిపేవాళ్లకే ఆ వారం బాగోలేకపోతే, ఆ కుర్చీ వదిలి సభ్యుల కుర్చీలో కూర్చోవాలి, నడిపించడం ఇంకొకరు చూసుకుంటారు. ఫోన్ తీసే వేళలు, అంటే సాయంత్రం 6 నుంచి 8 అనుకోండి, ముందే చెప్పి మిగతా వేళలకు 14416 ఇవ్వండి. మూడు నెలలకోసారి ఒకరు తప్పుకుని కొత్తవాళ్లను పక్కన కూర్చోబెట్టుకుని నేర్పాలి.

బాగయ్యాక చాలామంది రావడం మానేస్తారు. ఆపకండి. వెళ్లే ముందు వాళ్ల చేతే ఒక కాగితం మీద రాయించండి: పోయినసారి మొదట ఏది చెడింది? కొందరికి తెల్లవారుజామున మూడింటికి మెలకువ, కొందరికి ఫోన్లు ఎత్తబుద్ధి కాకపోవడం, కొందరికి వంట మానేయడం. ఆ గుర్తులు ఒక ప్రతి వాళ్లింట్లో నమ్మకమైన మనిషి దగ్గర, ఇంకొకటి మీ దగ్గర కార్డుకు పిన్ను గుచ్చి ఉంచండి. ఆర్నెల్లకోసారి, ఒప్పుకున్నవాళ్లకు, అదే సందేశం పంపండి: ఆదివారం నాలుగింటికి ఇక్కడే ఉంటాం, జవాబు ఇవ్వక్కర్లేదు.